కలం ఎక్కడ ఆగిందో చూడాలి: ఎంఈసీ పిల్లలకు లెక్కలు, కామర్సు చెప్పిన నా అనుభవం

నేను లెక్చరర్‌ని కాను. బీకాం చదివి, ఖమ్మం వ్యవసాయ మార్కెట్లో ఒక కమీషన్ దుకాణంలో పద్దులు రాస్తాను. ఇంటర్‌లో నాది కూడా ఎంఈసీయే, అంటే మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్ గ్రూపు. సాయంత్రం దుకాణం నుంచి వచ్చాక మా వరండాలో ఇంటర్ పిల్లలకు లెక్కలు, కామర్సు చెప్పడం కొన్నేళ్లుగా జరుగుతోంది. ట్యూషన్ అని బోర్డు పెట్టలేదు, ఫీజూ లేదు. మా దుకాణంలో బస్తాలు మోసే హమాలీ ఒకాయన ఓ రోజు వచ్చి, "అమ్మా, మా పాప ఇంటర్ మొదటేడు లెక్కల్లో పోయింది. సప్లిమెంటరీకి కాస్త చూస్తవా?" అని అడిగాడు. ఆ అమ్మాయి వచ్చింది, వెంట ఇంకో స్నేహితురాలిని తెచ్చుకుంది. తర్వాత మా వీధి వాళ్లు, పక్క వీధి వాళ్లు చేరారు. దాదాపు అందరూ సర్కారు బడిలో పదో తరగతి వరకు చదివినవాళ్లు. ఇళ్లలో మిర్చి సాగో, హమాలీ పనో, చిన్న కిరాణా కొట్టో ఉంటుంది.

ఆ మొదటి అమ్మాయిని చూసే నాకు పద్ధతి తెలిసింది. మొదటేడు లెక్కల మొదటి పేపరైన 1ఏ గైడ్ మొత్తం చదివానంది. నిజంగానే చదివింది. మాత్రికల (అంకెలను అడ్డువరుసలు, నిలువువరుసలుగా పేర్చేవి) ఛాప్టర్లో ఏ ఫార్ములా అడిగినా టకటకా చెప్పింది. సరే, ఒక ఇన్వర్స్ చెయ్యమని 1, 2, 1. 3, 2, 3. 1, 1, 2 అని మూడు అడ్డువరుసలు ఇచ్చి, ఎదురుగా కాకుండా పక్కన కూర్చున్నాను. డిటర్మినెంట్ −4 అని సరిగ్గా వేసింది. మొదటి వరుస కోఫాక్టర్లు, అంటే ఇన్వర్స్ కోసం ఒక్కో గడికి కట్టే విలువలు, 1, −3, 1 వచ్చాయి. రెండో వరుసలో మూడో గడి దగ్గర కలం ఆగింది. అక్కడ 1 లోంచి 2 తీసేస్తే −1, దాని ముందు గుర్తు కూడా మైనస్. కాసేపు చూసి −3 అని రాసింది, కొట్టేసింది, −1 అని రాసింది, మళ్లీ కొట్టేసింది. "ఇక్కడిదాకా వచ్చిందక్కా, ఇక్కడ ఏం రాయాలో తెలవట్లేదు" అంది.

ఆ అమ్మాయికి మాత్రికలు వచ్చు. రానిది మైనస్ ముందు మైనస్. అది ఏడో తరగతి పాఠం. నేను గనక ఎదురుగా బోర్డు పెట్టి ఛాప్టర్ మళ్లీ మొదటి నుంచి చెప్పి ఉంటే, తనకు వచ్చినదే మళ్లీ విని, రానిది రాకుండానే ఇంటికి పోయేది. కాలేజీలో జరిగిందీ అదే. క్లాసులో ఎనభై మంది ఉంటే ఎవరి కలం ఎక్కడ ఆగిందో ఏ లెక్చరరూ చూడలేరు, వాళ్లను తప్పుపట్టడానికి లేదు. పక్కన కూర్చుని చూడగలిగే మనిషి ఒకరు ఉండాలి. నేను చేసే సాయం ముఖ్యంగా అదే.

కాబట్టి మాత్రికలు పక్కన పెట్టి కొన్ని సాయంత్రాలు ఉత్త పూర్ణసంఖ్యలే చేశాం. అయిదు వేలు అప్పున్న మనిషికి ఆ అప్పు కొట్టేస్తే చేతికి అయిదు వేలు వచ్చినట్టే కదా అన్నాను. ఆ ఇంట్లో అప్పంటే ఏమిటో అందరికీ తెలుసు. మళ్లీ ఎప్పుడూ ఆ గుర్తు దగ్గర ఆగలేదు.

అప్పటి నుంచి కొత్తగా ఎవరొచ్చినా ముందు ఇంటర్ పుస్తకం తెరవనివ్వను. ఎనిమిది, తొమ్మిది తరగతుల లెక్కలు ఒక కాగితం మీద రాసిస్తాను. భిన్నాల కూడిక, బ్రాకెట్ ముందు మైనస్, సమానం గుర్తు అటువైపుకు పోతే గుర్తు మారడం, శాతం, నిష్పత్తి ఉంటాయి. మార్కులు వేయను. కలం ఆగిన ప్రతి చోటా పెన్సిల్‌తో చిన్న చుక్క పెడతాను. పది మందికి పది రకాల చుక్కలుంటాయి. ఒకబ్బాయి డిఫరెన్సియేషన్ చక్కగా చేసేవాడు, కానీ చివర్లో 2/3 లోంచి 1/4 తీసెయ్యమంటే పైవి పైన, కిందవి కింద తీసేసేవాడు. ఇంకొక అమ్మాయికి సరళరేఖ సమీకరణం వచ్చు, గ్రాఫ్ మీద బిందువు పెట్టమంటే x, y తారుమారు చేసేది. వీళ్లిద్దరికీ కలిపి ఒకే పాఠం చెప్పి ఏం లాభం?

పరీక్ష సంగతి కూడా చెప్పాలి. మా పిల్లలు రాసిన 1ఏ పేపర్ 75 మార్కులకు. రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి ఏడింట్లో అయిదు, ఏడు మార్కులవి ఏడింట్లో అయిదు రాయాలి. పాస్ కావాలంటే 26 రావాలి. పాత పేపర్లు ముందేసుకుని చూస్తే ఒక్క మాత్రికల ఛాప్టర్ నుంచే 22 మార్కుల దాకా కనిపిస్తాయి. అందుకే సప్లిమెంటరీ రాసేవాళ్లతో అక్కడే మొదలుపెడతాను. దానికి వెనకటి త్రికోణమితి అక్కర్లేదు, కూడికలు, గుణకారాలు, గుర్తులు చాలు. అయితే జూన్‌లో కొత్తగా చేరినవాళ్లకు మాత్రం "ఇంపార్టెంట్ క్వశ్చన్స్" అనే మాట నా నోటి నుంచి రాదు. మొదటేడు నుంచే ఏరుకుని చదివితే రెండో ఏడు ఇంటిగ్రేషన్ దగ్గర కాలు మోపడానికి చోటుండదు.

మాత్రికల గుణకారం దగ్గర పిల్లలు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. మొదటిదాని నిలువువరుసలు, రెండోదాని అడ్డువరుసలు సమానంగా ఎందుకుండాలి అని. పుస్తకం "ఉంటేనే గుణకారం నిర్వచితం" అని చెప్పి ముందుకు పోతుంది. నేను దుకాణం నుంచి పాత తక్‌పట్టీలు తెచ్చాను, పేర్లున్న భాగం చింపేసి. మార్కెట్ తెలియని వాళ్ల కోసం చెప్తాను. రైతు సరుకు అమ్మాక ఇచ్చే చీటీని తక్‌పట్టీ అంటాం. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, క్వింటాలు ఎంత ధర, మొత్తం ఎంత, అందులోంచి ఏవేం పోయాయి, రైతు చేతికి ఎంత వస్తుంది అన్నీ అందులో ఉంటాయి. ఈ పిల్లల ఇళ్లలో గోడకు మేకు కొట్టి గుచ్చిన తక్‌పట్టీల కట్ట ఉంటుంది. నాన్న బజారు నుంచి రాగానే ఆ చీటీ పట్టుకుని లెక్క సరిచూసేది కూడా చాలా ఇళ్లలో ఈ పిల్లలే.

ఇద్దరు రైతులు అనుకుందాం. ఒకాయన తేజ రకం మిర్చి 8 క్వింటాళ్లు, తాలు (రంగు పోయిన నాసిరకం మిర్చి) 2 క్వింటాళ్లు తెచ్చాడు. రెండో ఆయన తేజ 5, తాలు 3 తెచ్చాడు. తేజ క్వింటాలు 15,000, తాలు 7,000. మొదటాయనకు 1,34,000, రెండో ఆయనకు 96,000. ఇది పిల్లలు నోటితోనే చేసేశారు. ఇప్పుడు తూకాలను రెండు అడ్డువరుసలుగా, ధరలను ఒక నిలువువరుసగా రాయమన్నాను. వాళ్లు నోటితో చేసిందే మాత్రికల గుణకారమని కనబడింది. "ఒకవేళ ధరలు మూడు రాస్తే?" అన్నాను. "మూడో ధరకు సరుకేదక్కా?" అన్నాడు ఒకడు. వాడు అడిగిన ఆ ప్రశ్నే జవాబు. నిర్వచనం ఆ తర్వాత రాసుకున్నారు.

కానీ అన్నింటికీ ఇలా ఉదాహరణలు వెతకను. త్రికోణమితి ట్రాన్స్‌ఫర్మేషన్లకు మిర్చి బస్తాతో సంబంధం లేదు, కల్పిస్తే పిల్లలకు తెలిసిపోతుంది. అక్కడ చేతితో పదిసార్లు చేయడమే దారి. సంబంధం నిజంగా ఉన్న చోట మాత్రం వదలకూడదు. మొదటేడు రెండో లెక్కల పేపరు 1బీలో గరిష్ఠం, కనిష్ఠం వస్తుంది చూడండి. x వస్తువులు అమ్మాలంటే ఒక్కోదాని ధర 60 − x రూపాయలుండాలి అనుకుంటే, రాబడి 60x − x². డెరివేటివ్ సున్నా చేస్తే x = 30, రాబడి 900. ఇక్కడితో వదలకుండా 29కి, 31కి కూడా వేయిస్తాను. రెండింటికీ 899 వస్తుంది. అటొక అడుగు వేసినా, ఇటొక అడుగు వేసినా రూపాయి తగ్గిందని కళ్లారా చూశాక, డెరివేటివ్ సున్నా ఎందుకు చేస్తున్నామో మళ్లీ అడగరు.

అకౌంటెన్సీకి వస్తే పిల్లలు ఆగే మొదటి చోటు జర్నల్, అంటే లావాదేవీని మొదట రాసుకునే చిట్టా. సూత్రాలు అందరికీ వచ్చు. పుచ్చుకునేవానికి డెబిట్, ఇచ్చేవానికి క్రెడిట్. వచ్చేదానికి డెబిట్, పోయేదానికి క్రెడిట్. నష్టాలు, ఖర్చులు డెబిట్, లాభాలు, ఆదాయాలు క్రెడిట్. ఇవి పద్యంలా అప్పజెప్పి, ఎంట్రీ మాత్రం తలకిందులుగా రాస్తారు. కారణం ఒక్కటే, ఎవరి పుస్తకాల్లో రాస్తున్నామో తేల్చుకోకపోవడం. అందుకే ఒక్కో తక్‌పట్టీకి రెండేసి ఎంట్రీలు రాయిస్తాను. వ్యాపారి అప్పుమీద కొన్నాడనుకుంటే, వ్యాపారి పుస్తకాల్లో కొనుగోళ్ల ఖాతా డెబిట్, రైతు ఖాతా క్రెడిట్. అదే లావాదేవీ రైతు గనక పుస్తకం రాసుకుంటే వ్యాపారి ఖాతా డెబిట్, అమ్మకాల ఖాతా క్రెడిట్. ఇద్దరు పిల్లల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకర్ని వ్యాపారిగా, ఒకర్ని రైతుగా రాయించి, తర్వాత కాగితాలు మార్చుకుని సరిచూసుకోమంటాను. దీనికి సమయం పడుతుంది. పట్టనివ్వాలి. జర్నల్ గట్టిపడితే లెడ్జర్, అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) అన్నీ వాటంతటవే నడుస్తాయి.

ఇక 20 మార్కుల ముగింపు లెక్కలు. ట్రయల్ బ్యాలెన్స్ ఇచ్చి, కింద సర్దుబాట్లు ఇస్తారు. ట్రయల్ బ్యాలెన్స్‌లో ఉన్న ప్రతి అంకె ఒక్క చోటికే పోతుంది, సర్దుబాటు రెండు చోట్లకు పోతుంది. ఉదాహరణకు వేతనాలు 12,000, ఇంకా చెల్లించాల్సినవి 1,500 అంటే, వర్తకపు ఖాతాలో 13,500, ఆస్తి అప్పుల పట్టీలో అప్పుల వైపు 1,500. పిల్లలు రెండోది మర్చిపోతారు. నా నియమం ఏమిటంటే, ప్రతి సర్దుబాటు పక్కన పెన్సిల్‌తో రెండు టిక్కులు పడేదాకా గీత కొట్టి మొత్తం వేయకూడదు. మా దుకాణంలో నేను నేర్చుకున్నదీ అలాగే. ముగింపు సరుకు, తరుగుదల, ముందుగా చెల్లించిన బీమా, రాని బాకీలు ఏదైనా రెండు టిక్కులే.

అయినా ఒక్కోసారి రెండువైపులా సమానం కావు. అప్పుడు పిల్లలు ఏడుపు మొహంతో కాగితం చింపి మళ్లీ మొదలుపెడతారు. చింపనివ్వను. తేడా ఎంతో చూడమంటాను. తేడా 2తో భాగించబడితే, అందులో సగం మొత్తం ఎక్కడైనా తప్పు వైపు పడిందేమో వెతకాలి. తేడా 9తో భాగించబడితే రెండంకెలు తారుమారై ఉండొచ్చు. పద్దులు రాసే ఏ గుమాస్తాకైనా తెలిసిన కిటుకే ఇది. 63 బదులు 36 రాస్తే తేడా 27, 9తో పోతుంది. ఒకసారి తేడా 540 వచ్చింది. ఒకబ్బాయి వెతికి వెతికి తికమకపడ్డాడు. మెల్లగా చూసుకుంటూ పోతే అద్దె 1,820 అని ఉంటే తను 1,280 రాసుకున్నాడు.

తప్పు దొరికాక వాడు ఊరుకోలేదు. "అక్కా, తొమ్మిదే ఎందుకు?" అన్నాడు. చెప్పకుండా, పదుల స్థానంలో a, ఒకట్ల స్థానంలో b పెట్టుకుని చూడమన్నాను. 10a + b లోంచి 10b + a తీసేశాడు. 9a − 9b. "తొమ్మిది బయటికొచ్చింది!" అని అరిచాడు. తర్వాత తనే వందల స్థానానికి కూడా చేసి, 8, 2 అటూ ఇటూ అయితే తేడా ఆరు, ఆరు తొంభైలు 540 అని చూపించాడు. ఆ పిల్లవాడికి అంతకుముందు బీజగణితమంటే మార్కుల కోసం రాసే అక్షరాలు. అకౌంటెన్సీ కాగితం మీద అది పనికొస్తుందని ఆ సాయంత్రమే తెలిసింది. నాకు ఈ పనిలో అన్నింటికంటే సంతోషం కలిగించిన సంగతి ఇది.

నిజానికి ఈ రెండు సబ్జెక్టులు వేరువేరుగా పుట్టలేదు. ప్రతి లావాదేవీని డెబిట్, క్రెడిట్ రెండు వైపులా రాసే జంటపద్దు విధానాన్ని వివరంగా రాసి మొదట అచ్చువేసిన లూకా పాచియోలీ గణిత పండితుడు. 1494లో వెనిస్‌లో అచ్చయిన ఆయన గణిత గ్రంథంలోనే పద్దుల గురించి ఒక భాగం ఉంది. ఈ మాట చెప్తే పిల్లలు ఆసక్తిగా వింటారు. కాలేజీ టైంటేబుల్లో విడదీశారు గానీ, సాయంత్రం వరండాలో విడదీయాల్సిన పని లేదు.

కామర్స్ థియరీ విషయంలో నేను గైడ్‌కు వ్యతిరేకిని. అయిదు మార్కుల ప్రశ్నకు ఎనిమిది పాయింట్లు కంఠతా పట్టి, మూడోది మర్చిపోతే మిగతా అయిదూ పోయే చదువు అది. వ్యాపార సంస్థల రూపాలు చదివేటప్పుడు పిల్లలకు ఊళ్లోవి ఏరి తెమ్మంటాను. వీధి చివర కిరాణా కొట్టు సొంత వ్యాపారం. అన్నదమ్ములు వాటాలు రాసుకుని నడిపే బట్టల కొట్టు భాగస్వామ్యం, 1932 చట్టం దానికి వర్తిస్తుంది. నాన్నకు పంట రుణమిచ్చే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో వాటా ఎంతున్నా ఓటు ఒక్కటే. ఈ రకం సంఘాలు ఎంత ఎదగొచ్చో చెప్పడానికి మా జిల్లాది కాకపోయినా, 1956లో మొదలైన ముల్కనూరు సంఘం కథ చెప్తాను. కొత్తగూడెంలో ప్రధాన కార్యాలయం ఉన్న సింగరేణి ప్రభుత్వ కంపెనీ, రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. భద్రాచలం పక్కన సారపాకలో కాగితం మిల్లు నడిపే ఐటీసీ పబ్లిక్ కంపెనీ, దాని వాటాలు ఎవరైనా కొనుక్కోవచ్చు. ఒక్క పాత ఖమ్మం జిల్లాలోనే పాఠం మొత్తం ఉంది. ఇవి మనసులో ఉంటే ప్రయోజనాలు, పరిమితులు సొంత మాటల్లో వస్తాయి.

చిన్న పరిశ్రమల ఛాప్టర్ దగ్గర మాత్రం జాగ్రత్త. పెట్టుబడి, టర్నోవర్ పరిమితులు 2020లో మారాయి, 2025 ఏప్రిల్ 1 నుంచి మళ్లీ మారాయి. ఇప్పుడు సూక్ష్మ సంస్థ అంటే పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవర్ 10 కోట్లు దాటకూడదు. చిన్నదానికి 25 కోట్లు, 100 కోట్లు. మధ్యతరహాకు 125 కోట్లు, 500 కోట్లు. పాత గైడ్లలో పాత అంకెలే ఉంటాయి. ఏ సంవత్సరం ప్రకారం రాస్తున్నారో జవాబులోనే ఒక మాట రాయమని చెప్తాను.

తల్లిదండ్రులతో మాట్లాడటం కూడా ఈ పనిలో భాగమే. "లెక్కలు రాకపోతే సీఈసీకి మారిస్తే పోదా?" అని అడుగుతారు. అందులో లెక్కలకు బదులు సివిక్స్ ఉంటుంది. సీఈసీ తక్కువదని నేననను. కానీ మైనస్ గుర్తు దగ్గర ఆగిన పిల్లను గ్రూపే మార్చెయ్యడం నాకు నచ్చదు. లెక్కలు చేతిలో ఉంటే రేపు స్టాటిస్టిక్స్ ఉన్న డిగ్రీకైనా పోవచ్చు, సీఏ ఫౌండేషన్‌లో నాలుగు పేపర్లలో ఒకటైన క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్‌ను భయం లేకుండా ఎదుర్కోవచ్చు. ఈ మాట నెమ్మదిగా, తక్‌పట్టీ చూపించినంత వివరంగా చెప్తే ఎక్కువ మంది ఒప్పుకుంటారు.

హమాలీ గారి అమ్మాయి సప్లిమెంటరీలో పాసైంది, రెండో ఏడు కూడా గట్టెక్కింది, డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల దోస్త్‌లో బీకాం సీటు తెచ్చుకుంది. తొమ్మిదెందుకని అడిగినవాడు సీఏ ఫౌండేషన్‌కు చదువుతున్నాడు. అందరూ అలా లేరు. భిన్నాల దగ్గర ఆగిన అబ్బాయి రెండో ఏడు మధ్యలో మానేసి కోల్డ్ స్టోరేజీలో పనికి కుదిరాడు. మిగిలిన పేపర్లు రాయిద్దామని వాళ్లింటికి పోయి మాట్లాడి వస్తున్నాను. పుస్తకాలు అమ్మేయలేదు, అటక మీదే పెట్టాడు. ఈసారి ఫీజు కట్టే గడువు లోపు ఒప్పించగలననే అనుకుంటున్నాను.

ఇప్పుడున్న చిక్కు వేరు. ఇంటర్ పరీక్షలు ఫిబ్రవరి నెలాఖరు, మార్చిలో వస్తాయి. సరిగ్గా అప్పుడే మిర్చి ఏరేది, మార్కెట్‌కు సరుకు పోటెత్తేది. ఇంట్లో కూలీలు దొరక్కపోతే పిల్లలు చేనుకు పోతారు, పోవద్దని చెప్పే హక్కు నాకు లేదు. నాకూ ఆ నెలల్లో దుకాణంలో రాత్రి దాకా పని. అందుకని ఈ ఏడాది సంక్రాంతికల్లా సిలబస్ అయిపోవాలని పిల్లలతోనే తేదీలు రాయించాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఉదయం 9 నుంచి 12 దాకా మూడు గంటలు పాత పేపర్లు రాయడం, అంతే. మొదటేడు వాళ్లు మాత్రికలు ముగించి వెక్టర్లలోకి వచ్చారు. రెండో ఏడు వాళ్లు భాగస్వామ్య ఖాతాల్లో కొత్త భాగస్వామి చేరిక దగ్గరున్నారు. 3:2 నిష్పత్తిలో ఉన్న ఇద్దరి మధ్యకు మూడోవాడు అయిదో వంతుకు వస్తే, మొదటివాడికి మిగిలేది 3/5లో 4/5, అంటే 12/25. నిన్న ముగ్గురి కలాలు ఆ గుణకారం దగ్గరే ఆగాయి. వాళ్లకు రేపటి నుంచి భిన్నాలు మొదలుపెడుతున్నాం.